పెరటి రైలునకు సలహా యెవరి నడుగవలెను?

మన చదువుకొన్నవారిలో ఒక వింత దురభిమానము పాతుకొనియున్నది. తెలియనిదానిని తెలిసినవాని నడుగుట కొంచెపుతనమనియు, అడుగకయే చేసి చెడగొట్టుకొనుట గౌరవమనియు వారి తలంపు. అడుగవలసినవాడు కోటు తొడిగినవాడైనచో నడుగుదురు; చేత గడ్డపార పట్టినవాడైనచో నడుగరు. ఈ దురభిమానము పెద్దపనులలో నెంత నష్టము కలిగించుచున్నదో పలువురు చెప్పియున్నారు. మేము మిక్కిలి చిన్నపని నొకదానిని తీసికొని, అందు దాని స్వరూపమును చూపదలచితిమి. ఆ చిన్నపని యేదన, పెరటిలో రైలు వేయుట.

చదువరులు నవ్వవచ్చును. నవ్విన పిదప కొంచెము వినవలెనని మా ప్రార్థన.

పెరటి రైలనగా బల్లమీద గుండ్రముగా తిరుగు ఆటవస్తువు కాదు. అది నేలమీద, ఎండలోను వానలోను, చెట్లనడుమ నిలిచియుండవలసిన నిజమైన దారి. నేడు ఈ విద్యయందు ఎక్కువ వ్యాప్తిలో నున్న పట్టాల నడిమి వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీలోని న్యూరెంబర్గున లేమన్ అను బొమ్మల కంపెనీవారు 1968లో, మీటరుగేజి బండ్లను ఇరువదిరెండున్నర వంతులు తగ్గించి, ఈ వెడల్పుగల దారిపై ఆరుబయట నడుపదగినట్లు చేసి అమ్మనారంభించిరి. మీటరును ఇరువదిరెండున్నరచే భాగించినచో 44 మిల్లీమీటర్లకు పైచిలుకు వచ్చును, లెక్క సరిపోయినది. సికింద్రాబాదునుండి మన్మాడునకు బహుకాలము నడచిన మీటరుగేజి బండ్లను ఈ కొలతలో చేసినచో చక్కగా నమరును. కాని తాండూరుమీదుగా పోవు దారి 1676 మిల్లీమీటర్ల బ్రాడుగేజి. దానిని అవే పట్టాలపై సరియైన నిష్పత్తిలో చూపదలచినచో దాదాపు 37 వంతులు తగ్గింపవలెను. పెద్ద కంపెనీల పెట్టెలలో వచ్చునది ఆ కొలత కాదు. చూడుడు: ఇంకను గడ్డపార నేలకు తగులకమునుపే త్రైరాశికము వచ్చి ముందు నిలిచినది. ఏ దారిని చూపవలెను, ఎంత తగ్గింపవలెను, కొనదగిన దెయ్యది, చేసికొనవలసిన దెయ్యది అని నిర్ణయించుకొన్న పిదపగాని పని సాగదు. ఇట్టి పనిని పిల్లలాట యని తోసివేయువారు పిల్లలను గాని, ఆటను గాని ఎరిగినవారు కారు.

ఈ తోటరైళ్లు వట్టి వేడుకకే పుట్టినవని యనుకొనుటయు పొరపాటు. ఇంగ్లండులోని డెర్బీషైరు మండలమున డఫీల్డు అను చోట సర్ ఆర్థర్ పెర్సివల్ హేవుడ్ అను నతడు తన యింటి యావరణములో 15 అంగుళముల వెడల్పుగల దారిని 1874లో వేసెను. పెద్ద రైలు వేయుటకు తగినంత సరకు లేనిచోట, ఎడ్లబండికిని పెద్దరైలునకును నడుమ మూడవ సాధన మొకటి యుండవచ్చునని ఋజువు చేయుట అతని యుద్దేశము. సైన్యమువారు దానిని కైకొనలేదు. కాని అతని లెక్కలనుబట్టియే 1896లో ఈటన్ హాలు జమీనులో బొగ్గు, ఇటుకలు మోయు చిన్న రైలుదారి ఏర్పడెను. ఇంటితోటలో జరిగిన పరీక్ష పొరుగు మండలమున బరువులు మోసినది. 1874 అను సంవత్సరము మన తాండూరువారికి కొత్త కాదు. వాడినుండి సికింద్రాబాదునకు నిజాము ప్రభువు ధనముతో వేయబడిన రైలుదారి తెరువబడినది ఆ సంవత్సరముననే. అచ్చట ఒకడు తన పెరటిలో స్వయముగా దారి వేసి నేర్చుకొనుచుండగా, ఇచ్చట మన పొలముల నడుమనుండి పెద్దదారి పోయెను. నూటయేబది యేండ్లుగా దానిపై బండ్లను చూచుచున్నాము, ఎక్కుచున్నాము, దిగుచున్నాము. ఆ దారి యెట్లు నిలిచియున్నదని మన పిల్లలకు మనము చెప్పినది మాత్రము శూన్యము.

ఇక కరణ్‌కోట సంగతి చూతము. ఇది వికారాబాదు జిల్లాలో తాండూరునకు చేరువనున్న గ్రామము. సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వసంస్థ కర్మాగార మిచ్చటనే యున్నది. ఈ ప్రాంతపు నేలక్రింద సున్నపురాయి. నేలమీద విస్తారముగా నల్లరేగడి. ఈ రేగడిలో పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచ్చటి బండ ఎన్ని ఊళ్ల వాకిండ్లలో పరచియున్నదో లెక్కకు రాదు. ఇట్టిచోట ఒక తండ్రిగాని, ఒక ఉపాధ్యాయుడుగాని పెరటిలోనో పాఠశాల యావరణములోనో ముప్పది మీటర్ల చిన్నదారి వేయదలచె ననుకొందము. సలహాకై అతడు ఎవరికడకు పోవును? మనకు తెలిసిన రీతిచే చెప్పుదుము: పరదేశపు పుస్తక మొకటి తెప్పించును, లేదా పట్టణపు అంగడివాని నడుగును. పుస్తకము వ్రాసినవాడు చల్లని దేశపు పచ్చికనేలను చూచి వ్రాసెను. అంగడివాడు తనవద్ద నున్న పెట్టెను చూచి చెప్పును. కరణ్‌కోట నేలను చూచి చెప్పువారు ఆ యింటికి నూరుగజముల లోపలనే యున్నారు. వారిని మాత్ర మడుగడు. వారు ముగ్గురు: ఆ యింటి యిల్లాలు, బండపనివాడు, రైలుపట్టాల పనివాడు.

మొదట ఇల్లాలి సంగతి. పెరటి పటము ఎవరి తలలో నున్నది? వానకాలమున నీరెచ్చట నిలుచునో, స్నానాలగది నీరెటు పారునో, కందు లెచ్చట ఎండబోయుదురో, బట్ట లెచ్చట ఆరవేయుదురో, పొరుగువారి మేక యే సందున దూరునో ఆమెకు తెలిసినట్లు ఇంటి యజమానునికి తెలియదు. అయినను మగవాడు కాగితము పరచి పెరటిని గీయునపుడు ఆమెను పిలువడు. ఫలహారము తెమ్మని మాత్రము పిలుచును. పిమ్మట మొదటి వానకు దారి మునిగినపుడు ఆకాశమును నిందించును. అమెరికాలో చలనచిత్రముల మూలమున జగద్విఖ్యాతుడైన వాల్టు డిస్నీ 1950లో తన యింటి పెరటిలో ఏడుంపావు అంగుళముల దారిని, అరమైలునకు కొంచెము తక్కువ పొడవున, వేసికొనెను. అంతటివాడును ముందుగా భార్యతో దారిహక్కును గూర్చి ఒక పత్రము వ్రాసికొనెను. ఆమె పూలమళ్లకు భంగము రాకుండ వానిక్రిందుగా 90 అడుగుల సొరంగము త్రవ్వించెను. ఆ పత్రము సగము వేడుకకే కావచ్చును. అయినను పెరడు ఇద్దరిదనుట అందు స్పష్టము. మనలో సగము వేడుకకైనను అట్టి పత్రము వ్రాసిన వారెందరు?

రెండవవాడు బండపనివాడు. నల్లరేగడి స్వభావమేమి? తడిసినపుడు ఉబ్బును; ఎండినపుడు బీటలు వారును. దానిపై నేరుగా పట్టాలు పరచినచో ఆషాఢమున ఒకచోట ఎత్తుగాను, చైత్రమున మరియొకచోట పల్లముగాను తయారగును. ఈ సంగతి పుస్తకమున లేదు. ఇంటికి పునాది తీసిన ప్రతివానికిని తెలియును. అతడు చెప్పునది వినుడు: దారిపొడవున జానెడు లోతు గాడి తీయవలెను, మెత్తని నల్లమట్టిని ఎత్తివేయవలెను, మూలలు గల రాతిముక్కలతో నింపి దిమ్మిస వేయవలెను, నీరు నిలువక పల్లమునకు పోవునట్లు ఒక ప్రక్కకు వాటము పెట్టవలెను. బండల పాలిషులో వచ్చు పిండివంటి పొడిని వాడరాదు. అది తడిసి ముద్దయై నీటిదారిని మూయును. పనికిరాదని పారవేసిన బండముక్కలు ఈ ప్రాంతమున గుట్టలుగా పడియున్నవి. వానినే క్రింద పరచినచో దారికి గట్టి ఆధారము. ప్రకృతి ఇచ్చిన ఇట్టి సౌకర్యము ఇంగ్లండు తోటలలో ఎవరికిని లేదు. మనము దానిపై నడచుచు, దానిని చూడక, పెట్టెలో వచ్చు ప్లాస్టికు దిమ్మెలకు వ్రాయుచున్నాము.

వాలు విషయమునను ఇతడే గురువు. చిన్న యింజను సుఖముగా ఎక్కగల వాలు నూటికి రెండు; నూటికి నాలుగైనచో బండ్లు కొన్నింటిని విడువవలసి వచ్చును. ఒక దారిపై మరియొక దారిని దాటించుటకు 25 సెంటీమీటర్ల యెత్తు కావలెననుకొన్నచో, నూటికి రెండు వంతున ఎక్కుటకే పన్నెండున్నర మీటర్లు పట్టును; దిగుటకు మరల అంతే. ముప్పది మీటర్ల పెరటిదారిలో వంతెన కావలెనని పట్టుబట్టువాడు ఈ లెక్కను ముందు చూచుకొనవలెను. లెక్క మనము వేయగలము. కాని ఆ రెండు వంతుల వాలును నేలమీద నిలుపుటకు రసమట్టమును, నీళ్లగొట్టమును పట్టగల చేయి కావలెను. ఆ చేయి తాపీమేస్త్రీది. అతడు అక్షరము రానివాడని మనము చెప్పుదుము. నేల వాలు తెలియనివారమని అతడు మనలను గూర్చి చెప్పడు. అది అతని మర్యాద.

మూడవవాడు రైలుపట్టాల పనివాడు. వానిని మనవారు గ్యాంగుమానందురు. ఎండయనక వానయనక దారివెంట నడచి, వదులైన చీలను బిగించి, జారిన కంకరను ఎగదోసి, లక్షల ప్రాణములను కాపాడుచున్నవా డితడు. లోహము ఎండకు సాగునని మన పిల్లలు పుస్తకమున చదివి మార్కులు పొందుదురు. అది సాగినపుడు దారి యెట్లు వంకరపోవునో ఇతడు కన్నులార చూచియుండును. పెరటిరైలునకు తరచుగా వాడునవి ఇత్తడి పట్టాలు. ఇత్తడి ఇనుముకంటె ఎక్కువ సాగును. తెల్లవారుజామున చలిలో పరచిన ముప్పది మీటర్ల ఇత్తడిపట్టా, వేసవి మధ్యాహ్నమున నలుబది డిగ్రీలు అధికముగా కాగినచో, రెండు సెంటీమీటర్లకు మించి పొడవగును. కీళ్లయందు సందు విడువనివాడు ఆ రెండు సెంటీమీటర్లను ఎచ్చట దాచును? పట్టా తానే ప్రక్కకు వంగి సమాధానము చెప్పును. వంపులయందును ఇతని మాట వినదగినది. చిన్న బండ్లు 60 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల వంపున తిరుగునని పెట్టెమీద వ్రాసియుండును. తిరుగును గాని చక్రములు రాచుకొనును, పొడుగు బండ్లు పట్టు తప్పును. చోటున్నంత వరకు వంపును వెడల్పు చేయుట మేలు. పెద్దదారికిని చిన్నదారికిని ఈ ధర్మ మొక్కటే.

ఇంకొక మాట. పట్టాలలో విద్యుత్తు పంపి యింజనును నడుపు పద్ధతియు, యింజనులోనే బ్యాటరీ నుంచు పద్ధతియు, నిజమైన ఆవిరితో నడుపు పద్ధతియు గలవు. పట్టాలపై దుమ్ము పేరినచో మొదటి పద్ధతిలో విద్యుత్తు సరిగా అందదు. బండ నూరు ఊళ్లలో దుమ్మునకు కొదువ లేదు. ఆవిరి మనోహరమే గాని పిల్లలున్నచోట ప్రమాదకరము. పైన చెప్పిన డిస్నీగారి దారిలోనే 1953లో బండి పడి, ఆవిరి తగిలి ఒక బాలిక గాయపడగా, అతడు ఆ రైలును నిలిపివేసెను. కాబట్టి ఇచ్చట బ్యాటరీయే యుక్తమని మా యభిప్రాయము.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము. మొదటి యాక్షేపణ: "కూలివాని కొడుకునకు బడిలో బల్ల లేదు, బొమ్మరైలు కావలెనా?" ఈ మాట అనువారిలో కొందరు నిజముగా దయగలవారు, వారికి మేము నమస్కరించుచున్నాము. బల్ల కావలెను, మంచినీరు కావలెను, పనివానికి తగిన కూలి కావలెను. వీనికి బదులుగా రైలు పెట్టుమని మేమనుట లేదు. కాని బల్లలు వచ్చిన పిదపనైనను రైలు వేయుదురా అని యడిగినచో ఈ ఆక్షేపకులలో పెక్కుమంది నోరు మెదపరు. బీదవాని బిడ్డకు అక్షరములు చాలును, ఆలోచన అక్కరలేదను నమ్మకము వారి మనస్సులో నున్నది. ధనవంతుని కుమారుడు ఆడినచో అది విద్య. బీదవాని కుమారుడు ఆడినచో అది కాలహరణము! ఈ తూనికరాళ్లను మేమొప్పుకొనము. ఖర్చును గూర్చియు ఒకమాట: కొనవలసినవి పట్టాలు, యింజను మాత్రమే. యింజనునకు వేలరూపాయలు పట్టునను మాట నిజమే. అయినచో మొదట యింజను లేకయే పది మీటర్లు వేయుడు. చేతితో తోయు బండితో దారిని పరీక్షింపుడు. దారి నిలిచినచో యింజను తరువాత వచ్చును. దారి నిలువనిచో ఎంత వెలగల యింజనైనను పట్టు తప్పును.

రెండవ యాక్షేపణ: "ఇంత శ్రమ యేల? ధనమిచ్చి గుత్తేదారుచేత వేయించిన సరి." వేయింపవచ్చును. అప్పుడు మీకు రైలు దక్కును. విద్య గుత్తేదారునకు దక్కును. రేపు పట్టా వంగినపుడు మరల అతనికే కబురు పంపవలెను. మన గ్రామములలో చేతిపంపులు, మోటారులు, దీపములు ఇట్లు అమర్చబడియే కదా, చెడిననాటినుండి చెడియే యున్నవి? అమర్చినవాడు ఎవరికిని నేర్పలేదు, ఎవరును అడుగలేదు.

మూడవ యాక్షేపణ మనసున నుంచుకొని పైకి చెప్పనిది: "గ్యాంగుమానును, బండకొట్టువానిని బడికి పిలిచి పిల్లలముందు కుర్చీ వేయుటయా?" ఔను, కుర్చీ వేయవలెను. ఇదియే మా వాదమునకు మూలము. చేతితో పనిచేయువానిది కులవృత్తి, తలతో పనిచేయువానిది విద్య యను విభజన మన సంఘమున వేలయేండ్లుగా పాతుకొని, తలను చేతినుండి వేరుచేసి, రెంటిని కుంటిచేసినది. ఆడపిల్లలను ఈ పనికి దూరముగా నుంచుటయు ఆ విభజనలోని భాగమే. మట్టి మోయుటకు ఆడది పనికివచ్చును, కొలత పట్టుటకు పనికిరాదట! బండగనులలో తట్టలు మోసిన తల్లుల కుమార్తెల కడ ఈ మాట అనుటకు నోరెట్లు వచ్చునో మాకు తెలియదు.

సలహా యడుగుట యెంత పెద్దపనియో మన చరిత్రయే చెప్పుచున్నది. 1883లో నిజాము రాజ్యమున చాందా రైలు పథకము వచ్చినపుడు, దాని వివరములను ప్రజలయెదుట నుంచవలెనని హైదరాబాదున కొందరు విద్యావంతులు కోరిరి. అందు ముఖ్యుడైన అఘోరనాథ చటోపాధ్యాయుడు, సరోజినీ నాయుడుగారి తండ్రి, ఆ నేరమునకు నగరమునుండి వెడలగొట్టబడెను. ఎవరి ధనముతో, ఎవరి నేలమీదుగా దారి పోవునో వారికి దాని పటము చూపవలెననుట ఆనాడు రాజద్రోహమైనది. నేడు అట్టి శిక్ష లేదు. కాని పటమును చూపి, "ఇది సరిగా నున్నదా?" యని క్రిందివాని నడుగు అలవాటు మనకు రాలేదు. పెద్దవారై పెద్దదారులు, కాలువలు, కర్మాగారములు గీయబోవు బాలురు ఆ అలవాటును ఎచ్చట నేర్చుకొందురు? పెరటిలో ముప్పది మీటర్ల దారి వేయునపుడు నేర్వనివాడు, ముప్పది మైళ్ల దారి వేయునపుడు నేర్చుకొనునా?

కాబట్టి మేము కోరునది స్వల్పము. కరణ్‌కోటలోగాని, తాండూరు చుట్టుపట్ల ఏ గ్రామములోగాని ఒక పాఠశాల తన యావరణమున పదిమీటర్ల చిన్నదారికి పూనుకొనవలెను. మొదటినెల గడ్డపార ముట్టవద్దు. వాన కురిసినపుడు పిల్లలు నీరుపోవు దారిని చూచి పటము గీయవలెను. ఆ పటమును పట్టుకొని తమ తల్లులయొద్దకును, ఒక తాపీమేస్త్రీయొద్దకును, పనినుండి విరమించిన ఒక గ్యాంగుమానుయొద్దకును పోయి, "ఇందు తప్పేమి?" అని యడుగవలెను. వారు చెప్పిన తప్పులను పటముమీదనే, చెప్పినవారి పేరుతోసహా, వ్రాయవలెను. అడుగు ముందునకు పడుట ఆ తరువాత. పుస్తకములు కూడ తెప్పింపుడు. మేము పుస్తకములకు శత్రువులము కాము. కాని పుస్తకము చెప్పినదానిని మేస్త్రీకి చదివి వినిపింపుడు. మేస్త్రీ చెప్పినదానిని పుస్తకము ప్రక్కన వ్రాయుడు. రెండును కలిసినచోటనే దారి నిలుచును.

ఆ దారిపై యింజను నడుచుట ఆలస్యము కావచ్చును. కాని తాపీమేస్త్రీ బడిగుమ్మములోనికి వచ్చి, చెప్పులు విడిచి మూల నిలువక, కుర్చీపై కూర్చుండి, పిల్లలు గీసిన పటమును మోకాళ్లపై పరచుకొని, "ఇచ్చట నీరు నిలుచును, మార్చుడు" అని చెప్పుట కేమియు ఆలస్యము అక్కరలేదు. అందులకు యింజను వద్దు, పట్టాలు వద్దు, వేలరూపాయలు వద్దు. ఒక కుర్చీయు, అడుగుటకు సిగ్గుపడని నోరును చాలును. ఇవి రెండును మన పాఠశాలలలో లేవని చెప్పుటకు ఎవరు సాహసింతురో చూతము.